నా గురించి మీ దగ్గర ఏముంది?

2011 తొలి నెలలు. కాలిఫోర్నియాలోని సాంటా క్లారా యూనివర్సిటీ లా స్కూల్. ఇంటెల్ ఆ ఊళ్లోనే ఉంది. గూగుల్, ఫేస్‌బుక్ ఆ పక్క ఊళ్లలో ఉన్నాయి. ఉద్యోగాలకని వెళ్లిన మన ఇళ్ల పిల్లలు వేల సంఖ్యలో స్థిరపడిన ప్రాంతం కూడా అదే.

గోప్యతా చట్టం క్లాసుకు ఆ రోజు ఫేస్‌బుక్ న్యాయవాది ఒకరు అతిథిగా వచ్చారు. వింటున్నవాళ్లలో ఆస్ట్రియా నుంచి ఒక సెమిస్టర్ చదువుకోవడానికి వచ్చిన కుర్రాడున్నాడు. పేరు మాక్స్ ష్రెమ్స్. వయసు 23. సొంతూరు సాల్జ్‌బర్గ్, లా చదువుతున్నది వియన్నాలో. అతిథి మాటలు వింటున్నకొద్దీ అతనికి ఆశ్చర్యం ఎక్కువైంది. వ్యక్తిగత సమాచారం విషయంలో యూరప్ చట్టాలు ఎంత గట్టివో, కోట్లమంది యూరప్ జనం సమాచారాన్ని దగ్గర పెట్టుకున్న ఈ కంపెనీకి సరిగ్గా తెలిసినట్టే లేదు.

ఆ సెమిస్టర్‌కు రాయాల్సిన వ్యాసానికి అతనికి అక్కడే విషయం దొరికింది. ఫేస్‌బుక్‌కీ యూరప్ చట్టానికీ మధ్య ఉన్న దూరం ఎంత? రాయడానికి కూర్చున్నవాడు పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. చట్టం ఇచ్చిన ఒక హక్కును తనే వాడి చూద్దామనుకున్నాడు.

1995లో యూరోపియన్ యూనియన్ చేసిన డేటా రక్షణ ఆదేశం ప్రకారం అక్కడ ఎవరైనా ఏ సంస్థనైనా ఇలా అడగొచ్చు: నా గురించి మీ దగ్గర ఏముంది? దాన్ని ఎందుకు ఉంచుకున్నారు, ఎవరికి ఇచ్చారు? ఎందుకు అడుగుతున్నావని ఎదురు ప్రశ్న వేసే వీలు సంస్థకు లేదు. అంతవరకు ఆ హక్కు పుస్తకంలో ఉంది. వాడినవాళ్లు తక్కువ. మాక్స్ అడిగాడు. కొన్ని ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత ఒక సీడీ వచ్చింది. అందులో పీడీఎఫ్ ఫైలు. 1,200కు పైగా పేజీలు.

అతను ఫేస్‌బుక్ వాడింది సుమారు మూడేళ్లు. అదీ అడపాదడపా వాడే మామూలు విద్యార్థిగా. ఆ పేజీల్లో ఏముందో కొంచెం నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా ఈ కాగితాల్లోంచే పుట్టింది. తనకు ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపినవాళ్ల పేర్లున్నాయి. వాళ్లలో తను కాదన్నవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఎవరు ఎప్పుడు 'పోక్' చేశారో ఉంది. ఏ పార్టీకి పిలుపు వచ్చింది, వస్తానన్నాడా, రానన్నాడా, అసలు జవాబే ఇవ్వలేదా అన్నదీ ఉంది. ఏ కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యాడన్నదే కాదు, అదే కంప్యూటర్ నుంచి ఇంకెవరు లాగిన్ అయ్యారన్నది కూడా రాసి ఉంది.

అన్నిటికన్నా అతన్ని కుదిపింది వేరే. తను ఎప్పుడో తీసేసిన మెసేజ్‌లు అక్షరం పోకుండా ఉన్నాయి. పక్కన 'తీసేసినది' అన్న గుర్తు ఒక్కటే అదనం. స్నేహితులు మనసు విప్పి రాసుకున్న మాటలు, ఆరోగ్యం గురించి చెప్పుకున్న కబుర్లు, ఇద్దరి మధ్యే ఉండి అక్కడే పోవాల్సిన విషయాలు, ఏవీ పోలేదు. తెర మీద మాత్రం కనబడలేదు, అంతే.

అయినా ఆ ఫైలు పూర్తి కాదు. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టడానికి కంపెనీ తయారు చేసుకున్న సమాచారం అందులో లేదు. ఇంకా కొన్ని వివరాలు లేవు. అడిగితే వ్యాపార రహస్యాలు, మేధోసంపత్తి అన్న జవాబు వచ్చింది. నా ముఖం కొలతలు మీ వ్యాపార రహస్యం ఎలా అవుతాయన్నది ఏ న్యాయ విద్యార్థికైనా తట్టే ప్రశ్నే. మాక్స్ దాన్ని ఫిర్యాదుగా రాశాడు.

కిరాణా షాపు పక్కన ఆఫీసు

2011 ఆగస్టు నుంచి అతనూ, తోటి విద్యార్థులు కొందరూ కలిసి ఇరవైకి పైగా ఫిర్యాదులు పంపారు. అవి వెళ్లింది వియన్నాలోని డేటా రక్షణ ఆఫీసుకు కాదు, ఐర్లండ్‌కు. కారణం పన్నులకు సంబంధించినది. అమెరికా కంపెనీలు యూరప్ వ్యాపారానికి డబ్లిన్‌ను కేంద్రం చేసుకున్నాయి. అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్లను వదిలేస్తే, అప్పట్లో లోకంలోని ఫేస్‌బుక్ వినియోగదారులందరి ఒప్పందం డబ్లిన్‌లోని 'ఫేస్‌బుక్ ఐర్లండ్'తోనే. తెనాలిలోనో కరీంనగర్‌లోనో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని అకౌంట్ తెరిచిన మనవాళ్లదీ ఆ ఒప్పందమే. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలిసి ఉంటే, యూరప్ చట్టం కింద మనమూ డబ్లిన్‌ను అడగగలిగేవాళ్లం.

ఇంతమంది సమాచారానికి కాపలా కాయాల్సిన ఐర్లండ్ డేటా రక్షణ కమిషనర్ కార్యాలయం అప్పట్లో రాజధానిలో కూడా లేదు. ప్రభుత్వం ఆఫీసులను చిన్న ఊళ్లకు పంపే పథకంలో భాగంగా దాన్ని లీష్ కౌంటీలోని పోర్టార్లింగ్టన్‌కు తరలించారు. పక్కనే ఒక కిరాణా షాపు. సిబ్బంది ఇరవై ముప్పై మందికి మించేవారు కాదు. ప్రపంచంలోకెల్లా పెద్ద సోషల్ మీడియా కంపెనీని పట్టి అడగాల్సింది ఆ కొద్దిమందే. ఆ షాపు, దాని పక్క ఆఫీసు ఫొటోలు తర్వాత పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. చూసినవాళ్లు నవ్వుకున్నారు కానీ, నాకైతే ఆ ఫొటోలో నవ్వాల్సింది కనబడదు. చట్టం రాసినంత శ్రద్ధగా దాన్ని అమలు చేసే మనుషులను నియమించకపోతే ఏమవుతుందో అందులో కనబడుతుంది.

అయినా కొంత కదలిక వచ్చింది. కమిషనర్ ఆడిట్ జరిపారు. 2012 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ప్రతినిధులు ఇద్దరు వియన్నా దాకా వచ్చి ఆ విద్యార్థులతో మాట్లాడారు. ఆరు గంటలు. ఒక్కో ఫిర్యాదూ తీసి చర్చించుకున్నారు. తేలింది కొంచెమే. కానీ ఆ ఏడాది చివరికి ఫొటోల్లో ముఖాలను గుర్తుపట్టి పేర్లు సూచించే ఏర్పాటును ఫేస్‌బుక్ యూరప్‌లో ఆపేసింది. ఇంకా పట్టా కూడా చేతికి రాని ఒక లా స్టూడెంట్ రాసిన ఫిర్యాదుతో మొదలై అంతదూరం వెళ్లింది.

'పసలేని' ఫిర్యాదు

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘా సంస్థ పత్రాలు బయటపెట్టాడు. 'ప్రిజమ్' అన్న కార్యక్రమం కింద ఫేస్‌బుక్, గూగుల్, మైక్రోసాఫ్ట్, యాపిల్ వంటి కంపెనీల నుంచి అమెరికా నిఘా సంస్థకు సమాచారం వెళ్తోందని లోకానికి తెలిసింది.

మాక్స్ మనసులో లెక్క వెంటనే కుదిరింది. తన సమాచారం డబ్లిన్ నుంచి అమెరికా సర్వర్లకు పోతోంది. యూరప్ చట్టం ప్రకారం, తగినంత రక్షణ లేని దేశానికి సమాచారం పంపకూడదు. అమెరికాకు పంపడానికి 2000లో 'సేఫ్ హార్బర్' అన్న ఏర్పాటు చేసుకున్నారు. మేం యూరప్ సూత్రాలు పాటిస్తామని కంపెనీ తనకు తానే రాసిచ్చుకుంటే చాలు. నిఘా సంస్థ తలుపు తెరుచుకుని లోపలికి వస్తుంటే ఆ రాసిచ్చిన కాగితానికి విలువేముంది? జూన్ 25న మరో ఫిర్యాదు పంపాడు.

కమిషనర్ దాన్ని విచారణకే తీసుకోలేదు. ఫిర్యాదు పసలేనిదని, వేధింపు కిందికి వస్తుందని చెప్పే చట్టపు మాట వాడి పక్కన పెట్టేశారు. ఆయన వాదనలో ఒక న్యాయం లేకపోలేదు. సేఫ్ హార్బర్ సరైనదేనని యూరోపియన్ కమిషన్ తీర్మానించిన తర్వాత, ఒక సభ్య దేశపు అధికారి దాన్ని తప్పనలేడన్నది ఆయన ఉద్దేశం. పాఠకులు ఈ 'పసలేని' అన్న మాటను గుర్తుంచుకోవాలి. దానితో మనకూ పని ఉంది.

మాక్స్ డబ్లిన్ హైకోర్టుకు వెళ్లాడు. పరాయి దేశం, ఓడితే ఎదుటివాళ్ల ఖర్చులు నెత్తిన పడే పద్ధతి. జనం పంపిన చిన్న చిన్న విరాళాలే అండ. 2014 జూన్‌లో జస్టిస్ జెరార్డ్ హోగన్ తీర్పు రాస్తూ ఐర్లండ్ రాజ్యాంగంలో మనిషి ఇంటికి ఇచ్చిన రక్షణను ప్రస్తావించారు. ఇంట్లో కూర్చుని చేసుకునే సంభాషణలన్నీ ఎవరో మూకుమ్మడిగా వింటుంటే ఆ రక్షణకు అర్థమేముంటుందన్నది ఆయన ఆలోచన. కానీ విషయం యూరప్ చట్టానిది కాబట్టి తేల్చమని లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానానికి పంపారు.

2015 మార్చి 24న అక్కడ వాదనలు. సేఫ్ హార్బర్‌ను సమర్థించడానికి యూరోపియన్ కమిషన్ న్యాయవాది లేచారు. పౌరుడి సమాచారానికి అమెరికాలో రక్షణ ఉందని హామీ ఇవ్వగలరా అన్నచోటికి వచ్చేసరికి, ఫేస్‌బుక్ అకౌంట్ ఉంటే మూసేసుకోవడం గురించి ఆలోచించవచ్చని కోర్టు అడ్వకేట్ జనరల్‌కు చెప్పారు. పౌరులను కాపాడతామన్న ఏర్పాటును నిలబెట్టడానికి వచ్చిన మనిషి నోటినుంచే ఆ మాట వచ్చింది. ఆ క్షణంలోనే కేసు సగం తేలిపోయిందని నాకనిపిస్తుంది.

అక్టోబరు 6న తీర్పు. సేఫ్ హార్బర్ చెల్లదు. 15 ఏళ్లుగా నాలుగు వేలకు పైగా కంపెనీలు ఆధారపడిన ఏర్పాటు ఒక్క ఉదయంలో పోయింది. పౌరుడు ఫిర్యాదు చేస్తే, కమిషన్ తీర్మానం అడ్డుందన్న సాకుతో జాతీయ అధికారులు తప్పుకోకూడదని, దాన్ని విచారించి తీరాలని కూడా న్యాయమూర్తులు తేల్చారు. 'పసలేని' ఫిర్యాదు యూరప్, అమెరికాల మధ్య ఒప్పందాన్నే కూల్చింది. అప్పటికి మాక్స్‌కు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

ఫిర్యాదుదారుడే ప్రతివాది

ఆ తర్వాతి ఏళ్లను కొంచెం వేగంగా దాటవచ్చు. సేఫ్ హార్బర్ స్థానంలో 2016లో 'ప్రైవసీ షీల్డ్' వచ్చింది. పేరు మారింది, అమెరికా నిఘా చట్టం మారలేదు. మాక్స్ ఫిర్యాదును మళ్లీ చేతిలోకి తీసుకున్న ఐర్లండ్ కమిషనర్, విచిత్రంగా, ఫేస్‌బుక్‌తోపాటు అతన్ని కూడా ప్రతివాదిగా చేర్చి హైకోర్టుకు వెళ్లారు. 2017లో డబ్లిన్‌లో వారాల తరబడి విచారణ. అమెరికా ప్రభుత్వం కూడా తన వాదన వినిపించింది. నా సమాచారం ఎక్కడికి పోతోందని అడిగిన పాపానికి, కోట్ల యూరోల ఖర్చు కాగల కేసులో అతను ప్రతివాది కుర్చీలో కూర్చున్నాడు.

2020 జూలై 16న లక్సెంబర్గ్ మళ్లీ తీర్పిచ్చింది. ప్రైవసీ షీల్డ్ కూడా చెల్లదు. కంపెనీలు తమలో తాము రాసుకునే ప్రామాణిక ఒప్పందాలు మాత్రం చెల్లుతాయి. అయితే సమాచారం పోయే దేశంలో ప్రభుత్వం దాన్ని ఎలా లాక్కోగలదో పంపేవాళ్లు ముందే పరిశీలించుకోవాలి.

ఈ వాక్యం హైదరాబాద్ దాకా వచ్చింది. భారతదేశానికి తగినంత రక్షణ ఉందని యూరోపియన్ యూనియన్ ఇంతవరకు గుర్తింపు ఇవ్వలేదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో కూర్చుని జర్మన్ బ్యాంకు ఖాతాదారుల, ఫ్రెంచ్ బీమా పాలసీదారుల వివరాలు చూసే మన ఉద్యోగుల పని నడిచేది ఆ ప్రామాణిక ఒప్పందాల మీదే. 2020 తర్వాత ఆ కంపెనీలు భారతదేశపు నిఘా చట్టాలను కూడా పరిశీలించి రాసుకోవాల్సి వచ్చింది. మన లా కాలేజీల పిల్లలు కొందరు ఇప్పుడు డేటా రక్షణ న్యాయవాదులుగా బతుకుతున్నారంటే, ఆ పనిలో కొంత ఈ తీర్పు తెచ్చిపెట్టినదే.

ఈలోగా యూరప్ చట్టం కూడా కొత్త రూపు దాల్చింది. జీడీపీఆర్ అన్న ఆ కొత్త చట్టం 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా వేయొచ్చు. పౌరుల తరఫున లాభాపేక్ష లేని సంస్థలు ఫిర్యాదు చేయొచ్చు. ఈ రెండో అవకాశాన్ని మాక్స్ ముందే పట్టుకున్నాడు. 2017లో విరాళాలు పోగుచేసి వియన్నాలో 'నాయిబ్' అన్న సంస్థ పెట్టాడు. చట్టం అమల్లోకి వచ్చిన రోజే గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల మీద నాలుగు ఫిర్యాదులు వేసింది ఆ సంస్థ. ఎనిమిది నెలలకు ఫ్రాన్స్ అధికారులు గూగుల్‌కు 5 కోట్ల యూరోల జరిమానా వేశారు. 2023 మే నెలలో ఐర్లండ్ అధికారులు ఫేస్‌బుక్ యజమాని మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేశారు, సమాచారాన్ని అమెరికాకు పంపుతున్నందుకు. పదివేల కోట్ల రూపాయలు దాటిన మొత్తం. ఐర్లండ్ మొదట జరిమానా అక్కర్లేదనుకుంది. మిగతా దేశాల అధికారులు పట్టుబట్టి వేయించారు. పోర్టార్లింగ్టన్‌కు వెళ్లిన ఫిర్యాదు అక్కడికి చేరడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అమెరికాతో మూడో ఒప్పందం 2023 జూలైలో వచ్చింది. దానిమీదా కోర్టుల్లో వాదన నడుస్తోంది.

మనకు సంబంధించిన ఒక ముక్క మాత్రం ఇక్కడ ఆగి చెప్పాలి. జీడీపీఆర్ అమల్లోకి రావడానికి కొద్ది వారాల ముందు, 2018 ఏప్రిల్‌లో, ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆస్ట్రేలియాల్లోని దాదాపు 150 కోట్లమంది వినియోగదారుల ఒప్పందాన్ని ఫేస్‌బుక్ డబ్లిన్ నుంచి కాలిఫోర్నియాకు మార్చబోతోందన్న వార్త బయటికొచ్చింది. కంపెనీ కాదనలేదు. తెనాలి, కరీంనగర్‌ల వాళ్ల అకౌంట్లు యూరప్ చట్టం నీడలోంచి అలా బయటికి జరిగాయి. మనకు ఏ నొప్పీ తెలియలేదు.

యంత్రానికి జవాబు తెలియదు

2011లో ఫేస్‌బుక్ ఇష్టంలేకపోయినా ఒక సీడీ పంపగలిగింది. ఏం దాచుకుందో దానికి తెలుసు కాబట్టి. కృత్రిమ మేధ వచ్చాక కథ మారింది.

2024 ఏప్రిల్‌లో నాయిబ్ సంస్థ ఆస్ట్రియా అధికారుల దగ్గర చాట్‌జీపీటీ తయారు చేసిన ఓపెన్‌ఏఐ మీద ఫిర్యాదు వేసింది. విషయం చూస్తే చాలా చిన్నది. ప్రజా జీవితంలో ఉన్న ఒక వ్యక్తి పుట్టినరోజు అడిగితే చాట్‌జీపీటీ పదేపదే తప్పు చెప్పింది. తెలియదని చెప్పలేదు, తోచిన తేదీ చెప్పింది. ఆ తప్పు దిద్దమనో, తీసేయమనో ఆ వ్యక్తి కంపెనీని అడిగాడు. దిద్దడం కుదరదన్నారు. ఆ మనిషి గురించిన వివరాలు కొన్నింటికి అడ్డుకట్ట వేయొచ్చు కానీ, మిగతావి పోకుండా ఆ ఒక్క తేదీని మాత్రం ఆపలేమన్నారు. అతని గురించి యంత్రంలో ఏ సమాచారం ఉంది, ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నకూ సరైన జవాబు లేదని ఫిర్యాదు.

పుట్టినరోజు తప్పయితే కొంపమునిగిందా అనొచ్చు. 2025 మార్చిలో అదే సంస్థ నార్వేలో వేసిన ఫిర్యాదు చూడండి. అక్కడ ఒక మామూలు మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి, తన పేరు టైపు చేసి ఎవరని అడిగాడు. సొంత బిడ్డలను చంపి 21 ఏళ్ల శిక్ష పడినవాడని చాట్‌జీపీటీ కథ అల్లింది. అందులో అతని ఊరి పేరు సరైనదే. పిల్లలు ఎందరు, ఆడా మగా అన్నదీ సరైనదే. నేరం మాత్రం పూర్తిగా కల్పితం. ఇరుగుపొరుగు ఎవరైనా అది చదివితే ఆ తండ్రి పరిస్థితేమిటి?

ఈ యంత్రాలు పనిచేసే తీరులోనే చిక్కుంది. ఇంటర్నెట్ నిండా ఉన్న రాతలను మింగి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యాలు పేరుస్తాయి. మన పేరు, ఊరు, పని అన్నీ పాలలో నీళ్లలా వాటిలో కలిసిపోతాయి. ఫలానా మనిషి వివరాలు ఫలానా చోట ఉన్నాయని తీసి చూపించే అర అంటూ లోపల లేదు. ఇంజనీర్లు చెప్పేది అబద్ధం కాదు. కానీ చట్టం అడిగేది వేరు. మనిషి గురించి తప్పు చెప్పకూడదన్నది నియమమైతే, ఆ నియమం పాటించలేని యంత్రాన్ని మనుషుల గురించి మాట్లాడనివ్వడం ఎందుకు? సాంకేతికంగా కష్టం అన్నది కంపెనీ తన ఇంట్లో పరిష్కరించుకోవాల్సిన సమస్య. ఫిర్యాదుదారుడి తలనొప్పి కాదు. ఇది నా అభిప్రాయం.

2024 జూన్‌లో ఇంకో పోరాటం జరిగింది. వినియోగదారుల పోస్టులను, ఫొటోలను తన ఏఐకి మేతగా వాడుకుంటానని మెటా ప్రకటించింది. నాయిబ్ 11 దేశాల్లో ఒకేసారి ఫిర్యాదులు వేసింది. ఎనిమిది రోజులకు మెటా వెనక్కి తగ్గి, యూరప్‌లో ఆపుతున్నట్టు చెప్పింది. ఆ గెలుపు ఏడాది కూడా నిలవలేదు. 2025 మే 23న జర్మనీలోని కొలోన్ ఉన్నత న్యాయస్థానం, వినియోగదారుల సంఘం అడిగిన అత్యవసర నిషేధాన్ని తిరస్కరించింది. ఆ నెల 27 నుంచి మెటా పని మొదలుపెట్టింది. అయితే వద్దనుకున్న యూరప్ వినియోగదారులు అభ్యంతరం చెప్పే ఫారం నింపగలిగారు.

యూరప్‌లో 2024 ఆగస్టు 1 నుంచి ప్రత్యేకంగా ఏఐ చట్టం కూడా ఉంది. ఏ రకం యంత్రం ఎంత ప్రమాదకరమో చూసి నియమాలు పెట్టే చట్టం అది. కానీ తప్పుడు పుట్టినరోజు దిద్దమని, లేని నేరం తుడవమని అడగడానికి పౌరుడికి అందివచ్చేది ఆ డేటా రక్షణ చట్టమే. ఆ చట్టాన్నే కొంత సడలించి, ఏఐ శిక్షణకు దారి తేలిక చేయాలని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది. మాక్స్ ఇప్పుడు దానిమీద పోరాడుతున్నాడు. ఈసారి ఎదురుగా ఉన్నది కంపెనీ కాదు, ఆ చట్టాన్ని తెచ్చిన యూరోపియన్ యూనియనే.

ఇక మన సంగతి

గోప్యత అనేది పడమటి దేశాల ముచ్చట అనేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లు సుప్రీంకోర్టులో 1962 డిసెంబరు నాటి ఖరక్ సింగ్ కేసు చూడాలి. పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టి, రాత్రివేళ తలుపు తట్టే పద్ధతి గురించిన కేసది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయలేని భాగమని వేరుగా తీర్పు రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి. యాభై ఏళ్లు దాటాక, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చారు. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఉన్నారు. ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపాలని 2015లో ఆదేశించిన బెంచ్‌కు నాయకత్వం వహించిందీ ఆయనే.

ఆ తీర్పు ఫలితంగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయొచ్చు. మంచిదే. కానీ మాక్స్ కథ తెలిశాక ఆ చట్టం చదివితే నాలుగు చోట్ల మనసు చివుక్కుమంటుంది.

మన సమాచారం అడిగే హక్కును 11వ సెక్షన్ ఇస్తుంది. అయితే సంస్థ ఇవ్వాల్సింది 'సారాంశం'. అక్కడ 1,200 పేజీలు వచ్చాయి. సారాంశంతో సరిపెట్టి ఉంటే, తీసేసిన మెసేజ్‌లు తీసేయలేదన్న సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. ఇక, మనంతట మనం బహిరంగంగా పెట్టిన సమాచారానికి ఈ చట్టమే వర్తించదు. అందరికీ కనబడేలా పెట్టిన పెళ్లి ఫొటోను, బిడ్డ పుట్టినరోజు పోస్టును ఏఐ కంపెనీ ఎత్తుకుపోతే, ఈ చట్టం కింద అభ్యంతరం చెప్పే దారి మూసుకుపోయినట్టే. ఏఐకి మన దేశంలో వేరే చట్టమూ లేదు, 2025 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు తప్ప. నష్టపోయిన మనిషికి పరిహారం కూడా లేదు. జరిమానా డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ఐటీ చట్టంలో పరిహారం ఇప్పించే పాత సెక్షన్‌ను ఈ కొత్త చట్టం ఎత్తేస్తుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది 15వ సెక్షన్. పౌరుడు తప్పుడు ఫిర్యాదుగానీ, పసలేని ఫిర్యాదుగానీ చేయకూడదట. చేస్తే పదివేల రూపాయల దాకా జరిమానా. లక్సెంబర్గ్‌లో గెలిచిన ఫిర్యాదును ఐర్లండ్ అధికారి మొదట పసలేనిదనే పక్కన పెట్టారు. ఆ రోజు ఐర్లండ్‌లో ఈ సెక్షన్ ఉంటే ఆ కుర్రాడు కోర్టు మెట్లు ఎక్కేముందు జరిమానా కట్టాల్సి వచ్చేదేమో. పసలేని ఫిర్యాదు ఏదో, చరిత్ర మార్చే ఫిర్యాదు ఏదో మొదటిరోజే చెప్పగల అధికారి ఎక్కడా లేడు. ఈ నిబంధన తీసేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ మాట పార్లమెంటులో అడగాలి.

అంతవరకు ఉన్న హక్కునైనా వాడుకుందాం. 11వ సెక్షన్ 2027 మే నెల నుంచి అమల్లోకి వస్తుంది. అప్పుడు మీరు రోజూ వాడే యాప్‌కో, మీ ఫోన్ నంబరు అడిగి తీసుకున్న దుకాణానికో ఒక ఉత్తరం రాయండి. నా గురించి మీ దగ్గర ఏముంది, ఎవరికిచ్చారు అని అడగండి. జవాబు రాకపోతే ఆ సంస్థలోని ఫిర్యాదుల అధికారికి, అక్కడా పని కాకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు రాయండి. మీ ఉత్తరం నకలు దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదుకు సంస్థ జవాబివ్వడానికి నియమాలు పెట్టిన గడువు గరిష్ఠంగా 90 రోజులు.